పెద్దమ్మ బతికించిన రాణి

అరవైల మొదట్లో నాకు పదహారేళ్లు. కెలమంగలంలో మా పెద్దమ్మ పట్టుపురుగులు సాకేది. ఆమెకు చదువు రాదు. ఆమె పురుగులకు ఆకు వేస్తుంటే, నేను హోసూరు నుంచి అద్దెకు తెచ్చిన రాజుల కాలపు ప్రేమ నవలలు పక్కన కూర్చుని చదివి వినిపించేదాన్ని. కోటలు, గుర్రాలు, చాటుగా పంపుకునే లేఖలు వచ్చినప్పుడు పెద్దమ్మ చేతిలోని మల్బరీ ఆకు అలాగే ఉండిపోయేది.

ఒక నవలలో, రాణి ప్రేమించి పెళ్లాడిన సేనాపతి యుద్ధంలో చనిపోయాడు. ఆమె చితిలో దూకబోతోంది. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఆపు పాపా. ఆయమ్మ ఏల చావల్ల? నాకు ఇరవై ఏండ్లప్పుడే మీ పెద్దనాయన పోయినాడు. నేను బతకలేదా?"

ఆమె నోట ఆయన మాట వినడం నాకు అదే మొదటిసారి. పేజీ వైపే చూస్తూ, అందులో లేని మాటలు చదివాను. రాణి వెనక్కి తిరిగింది, కోటకు వచ్చింది, రాజ్యం ఏలింది.

"ఎంత బాగా రాసినారమ్మా!" అని పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది.

మరుసటి వారం ఆకు కోసే ఆడవాళ్లకు ఆమె ఆ కథ చెబుతుంటే విన్నాను. అందులో రాణి గుర్రమెక్కి ఊరూరా తిరుగుతోంది. ఆ ముక్క నేను చదివింది కాదు.