పెదవులు బిగించిన పిల్ల

మా మ్యూజియంలో మూడో గదికి నేను కాపలాదారుని. ఆ గదిలో నాకో కుర్చీ ఉంది. ఉంది అన్నమాటే గాని, వారానికోసారి ఒక ముసలావిడ వచ్చి, అడగనైనా అడగకుండా అందులో కూర్చునేది. మొదట్లో నాకు ఒళ్లు మండింది. "లేవండి, అది మీకోసం వేసింది కాదు" అంటే, "మోకాళ్లు మాట వినట్లేదు బాబూ. కాసేపు నువ్వు నిలబడు, కుర్రాడివే కదా" అంది. నాకప్పటికే మనవరాలు పుట్టింది. అయినా కుర్రాడివన్న మాటకు పడిపోయాను. అప్పట్నుంచి మా వాళ్లంతా ఆవిడను కుర్చీ పిన్ని అనేవారు.

పిన్ని వేరే బొమ్మల వంక కన్నెత్తి చూసేది కాదు. కుర్చీని 'పెదవులు బిగించిన పిల్ల' ఎదుటికి లాక్కునేది. మూడు వందల ఏళ్ల కిందటి ఆస్థాన చిత్రకారుడి పని అని ఆ బొమ్మ పక్కన రాసి ఉంది. ఆ పెదవుల వెనక ఒక యుగపు విషాదం దాగి ఉందని మా గైడు రోజూ గొంతు వణికించి మరీ చెప్పేవాడు. ఒకరోజు పిన్ని ఫక్కున నవ్వింది.

"విషాదమూ లేదు, పాడూ లేదు. ముందు పళ్లు రెండూ ఊడాయి. తొర్రి కనపడుతుందని నోరు తెరవనంది, మొండిఘటం."

వచ్చినవాళ్లు చాదస్తం అనుకుని ముందుకు నడిచారు. నేను మాత్రం ఆగి ఆవిడ మొహంలోకి చూశాను. ఆ తర్వాత కొన్నాళ్లకు మిగతాది ఆవిడే చెప్పింది.

పిన్ని భర్త చెయ్యి తిరిగిన చిత్రకారుడు. తన పేరుతో వేస్తే కుక్క కూడా చూడలేదు. పోయినవాళ్ల పేర్లతో వేస్తే ఎగబడి కొన్నారు. ఆయన వేసేవాడు, ఈవిడ వాటిని పాతవిగా మార్చేది. పాత సామాన్ల అంగట్లో ఒక పనికిమాలిన బొమ్మ కొని, దాని రంగు గీకేసి, ఆ గుడ్డ మీదే కొత్తది వేసేవారు. ఆరాక రొట్టెల పొయ్యిలో సన్నసెగన పెట్టి, గుండ్రటి కర్ర మీద చుట్టి నొక్కితే రంగు బీటలు వారేది. ఆ బీటల్లో మసి రుద్దేది.

ఇదేం కొత్త వ్యాపారం కాదు. మా గదిలో ఎడమ గోడకున్న వాటిలో సగం గురువు పేరు పెట్టి శిష్యులు వేసినవేనట. ఆ రోజుల్లో అది తప్పు కాదట, గురుభక్తి అట. ఎప్పుడైతే జనానికి బొమ్మకన్నా పేరు ముఖ్యమైందో, అప్పుడే దొంగలూ పుట్టారు, వాళ్లను పట్టేవాళ్లూ పుట్టారు. ఇది మా అధికారిణి చెప్పిన మాట, నాకంత తెలివి లేదు.

ఒకసారి పిన్ని భర్తకు నమూనాగా నిలబడేవాళ్లు దొరక్క సొంత కూతుర్నే నిలబెట్టాడు. అది తడి రంగులో బొటనవేలు పెట్టింది. ఆయన నవ్వి ఆ ముద్ర అలాగే ఉంచేశాడు. పిన్ని బొమ్మను కర్రకు చుట్టి నొక్కుతుంటే, పిల్ల పక్కనే నిలబడి, "అమ్మా, నా బుగ్గ పగిలిపోయింది! నన్ను ముసలిదాన్ని చేసేశావు!" అని నడుం వంచి ఇల్లంతా తిరిగిందట.

బొమ్మ అమ్ముడుపోయిన ఏడాదే మెదడువాపు జ్వరం వచ్చి పిల్ల పోయింది. తండ్రికి మతి చెడింది. చూస్తూ బతకలేనని ఇంట్లో ఉన్న పిల్ల ఫోటోలన్నీ పొయ్యిలో పెట్టాడు. చూడకుండా కూడా ఆయన ఎన్నాళ్లో బతకలేదు. బొమ్మ చేతులు మారి మారి మా గోడకెక్కింది.

మా మ్యూజియం కొట్లో అమ్మే ఆ బొమ్మ కార్డొకటి తెచ్చిస్తే పిన్ని తిరిగిచ్చేసింది. "ఇందులో దాని వేలు లేదు బాబూ" అంది. బతుకంతా నకళ్లు తయారుచేసిన మనిషికి నకలు అక్కరకు రాలేదు.

అంతలో బొమ్మను విదేశంలోని ఎవరో ధనవంతుడికి అమ్మేస్తున్నారని తెలిసింది. ఆయన ఇంటి గోడకు వెళ్తే ఇక పిన్ని చూడలేదు. ఆవిడ సరాసరి అధికారిణి గదికి బయల్దేరింది.

"నోరు మూసుకుని ఊరుకో పిన్నీ, జైల్లో వేస్తారు" అన్నాను.

"వేస్తే వెయ్యనీ. దొంగ బొమ్మని తెలిస్తే వాళ్లకెందుకది? చెత్తలో పడేసేదే కదా, నాకిచ్చేస్తారు."

పరీక్షలు జరిగాయి. బొమ్మలో వాడిన తెల్లరంగు మూడు వందల ఏళ్ల కిందట లేనే లేదని తేలింది. వయసు చూసి పిన్నిని జైలుకు పంపలేదు. ఒకరోజు రమ్మని కబురు పెట్టారు. బొమ్మను చుట్టుకుపోదామని ఇంటినుంచి మెత్తటి దుప్పటి తెచ్చుకుంది. మొహం వెలిగిపోతోంది. ఆవిడను అలా నేనెప్పుడూ చూడలేదు.

వెనక గదిలో బొమ్మను బల్ల మీద పడుకోబెట్టారు. పక్కన పనివాడు కత్తి పట్టుకుని నిలబడ్డాడు.

"కత్తెందుకమ్మా?" అంది పిన్ని.

అధికారిణి తల దించుకుంది. "నకిలీ అని తేలినవి ముక్కలు చెయ్యాలి. ఎవరికీ ఇవ్వకూడదండీ, చట్టం. మీ తర్వాత ఎవరో ఒకరు మళ్లీ అసలుదని అమ్ముతారు."

"నా తర్వాత ఎవరున్నారమ్మా?"

అధికారిణి కాగితం తీసింది. పద్ధతి ప్రకారం అడగాలి గనుక అడిగింది: "ఇది మీ ఆయన వేసిందేనా?"

పిన్ని కత్తి వంక చూసింది. బొమ్మ వంక చూసింది.

"కాదు. నేను అబద్ధం చెప్పాను. ఇది అసలుదే, పాతదే. ఎవరికి కావాలంటే వాళ్లకి అమ్ముకోండి."

"మరి ఈ పాప..."

"ఎవరో. నాకు తెలీదు. నాకసలు పిల్లలే పుట్టలేదు."

అధికారిణి కళ్లు తుడుచుకుంది. "పరీక్షలో తేలిపోయిందండీ. ఇప్పుడు మీరేమన్నా లాభం లేదు" అని పనివాడికి సైగ చేసింది. నేను పిన్ని భుజాలు పట్టుకున్నాను. గుడ్డ చిరుగుతున్నంతసేపూ ఆవిడ కళ్లు మూసుకోలేదు. ఆ చప్పుడు నాకిప్పటికీ అన్నం దగ్గర వినపడుతుంది.

బస్సు దాకా నడిపించుకెళ్లాను. బస్సు వచ్చింది, పిన్ని ఎక్కలేదు, నా చెయ్యి పట్టుకుంది.

"ఎలాగూ కోసేసేవాళ్లే కదా బాబూ. దాని మొహం చూస్తూ, నా పిల్ల కాదన్నాను."