వెటకారం తొమ్మిది

మా ఆఫీసులో అందరం ఆవిణ్ణి అత్తగారనే పిలిచేవాళ్ళం. ఆవిడ కోడలు కూడా అక్కడే, పక్క కుర్చీలోనే పనిచేసేది. రోజుకి నలభైసార్లు "అత్తయ్యా" అనేది. ఆ పిలుపే ఆఫీసంతటికీ అంటుకుంది. అత్తగారు అంతకుముందు ఇరవై రెండేళ్ళు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దారు. అది మూతపడ్డాక ఇక్కడ చేరారు. ఇంట్లో కోడలు తలుపు గట్టిగా వేసినా ఒంటికాలి మీద లేచేవారట. ఆఫీసుకొచ్చాక మాత్రం ఇద్దరూ ఒకే డబ్బాలో తినేవాళ్ళు.

మా పని మాటల్ని తూచడం. కంప్యూటరుకి మాట అర్థం నేర్పొచ్చు గానీ, ఆ మాట చెవిన పడితే మనిషికి ఎలా ఉంటుందో దానంతట దానికి తెలియదు. 'కన్నుమూశాడు' అన్నా 'చచ్చాడు' అన్నా దానికి ఒకటే శవం. అందుకని తెరమీద ఒక్కో మాటా వస్తుంది. కింద ప్రేమ, కోపం, భయం, ఏడుపు, అసహ్యం, వెటకారం అని ఆరు గళ్ళు. ఒక్కోదానికి సున్నా నుంచి పది దాకా మార్కులు వెయ్యాలి. ప్రతి మాటనూ ముగ్గురు విడివిడిగా తూస్తారు. ముగ్గురిలో ఇద్దరి మార్కులు కలిస్తే అదే ఖాయం, మూడోవాళ్ళది తప్పు. అత్తగారు, కోడలు, నేను ఒక జట్టు.

ఒకరోజు 'ఆసుపత్రి' అన్న మాట వచ్చింది. అత్తగారూ నేనూ భయానికి ఏడేసి వేశాం. కోడలు భయానికి సున్నా, ప్రేమకి తొమ్మిది వేసింది. నెలలు నిండకుండా పుట్టిన ఆమె కూతుర్ని యాభై రోజులు అక్కడ అద్దాల పెట్టెలో ఉంచి బతికించి చేతికిచ్చారు. ఆ పిల్ల ఇప్పుడు బడికి వెళ్తోంది. ఆ తల్లి ఇంకే మార్కు వేస్తుంది?

మా మేనేజరు అప్పటికే తన బావమరిదికి ఒక కుర్చీ వెతుకుతున్నాడు. అడక్కుండానే దొరికింది. అందర్నీ పిలిచి, పెద్ద తెరమీద ఆ మార్కులు చూపించాడు.

"ఆసుపత్రి అంటే ప్రేమటండీ! రేపు శ్మశానమంటే సరదా అంటుందేమో!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. కోడలు తలెత్తలేదు. ఆ సాయంత్రమే ఆమెను తీసేసి, ఫైల్లో 'మాటల మనసు తెలియని మనిషి' అని రాశాడు. ఇలాంటి ఆఫీసులు ఊళ్ళో ఇంకో మూడున్నాయి. మనిషిని తీసుకునేముందు అవి పాత ఫైలు అడుగుతాయి. ఆ ఒక్క వాక్యంతో అన్ని గుమ్మాలూ మూసుకుపోయాయి. మర్నాడు ఆ కుర్చీలో బావమరిది కూర్చున్నాడు.

తర్వాత చాలారోజులు కోడలు ఇంట్లో ఏదైనా అనబోయి మధ్యలో ఆగి, "ఇలా అనొచ్చా అత్తయ్యా?" అని అడిగేదట. ఆ సంగతి చెబుతున్నప్పుడు అత్తగారి కళ్ళు ఎర్రబడ్డాయి.

"నా కోడల్ని నేనంటాను. పొద్దున లేస్తే అంటాను. మధ్యలో వాడెవడే అనడానికి? ఆ రాత చెరిపించాలి. దానికి ముందు వాణ్ణి ఇక్కణ్ణుంచి గెంటించాలి. వాడి గొయ్యి వాడిచేతే తవ్విస్తా, చూస్తూ ఉండు."

ప్రతి శుక్రవారం మేనేజరు హెడ్డాఫీసుకి ఒక ఉత్తరం రాసేవాడు. ప్రెస్సు మనిషి కదా అని, తప్పులు చూడమని అత్తగారికే ఇచ్చేవాడు. అందులో విషయం చిటికెడు, భజన గంపెడు. తమరి దయ, తమరి చల్లని చూపు, మహానుభావులు, జన్మంతా ఋణపడి ఉంటాను. హెడ్డాఫీసులో ఏ ఉత్తరాన్నయినా మొదట చదివేది మనిషి కాదు, మేం తూచిన మాటలతో తయారైన యంత్రం. మన సరుకు మనమే వాడాలని ఆ పద్ధతి పెట్టించిందీ ఈయనే. ఉత్తరం పచ్చగా తేలితే పైవాళ్ళ బల్లమీదికి వెళ్తుంది. కోపమో వెటకారమో ఎక్కువై ఎర్రగా తేలితే రాసినవాళ్ళ సంగతి చూస్తారు.

మాకు ఇంకో వెసులుబాటు ఉంది. పాత మార్కులు సరిగ్గా లేవనిపిస్తే రోజుకొక మాటను 'మళ్ళీ తూకం'కి పంపొచ్చు. అలా తూచిన మాటను మాత్రం ఏడాది దాకా ఎవరూ ముట్టుకోకూడదు. అత్తగారు మొదట పంపింది 'తమరు'. వెటకారానికి తొమ్మిది వేసి నావైపు చూశారు.

"అబద్ధమేం కాదే. 'తమరు దయచేశారా' అని నీ మొగుణ్ణి అని చూడు. వెటకారమో కాదో వాడే చెప్తాడు."

నేనూ తొమ్మిది వేశాను. ఆ రోజు నవ్విన నవ్వు నన్ను లోపల తినేస్తోంది మరి. బావమరిది ఏ మాటకైనా ఆరు గళ్ళలోనూ అయిదే వేసి ఫోను చూసుకునేవాడు. మేమిద్దరం కలిశాం కాబట్టి ఖాయమైపోయింది.

అలా నలభై ఒక్క మాటలు. శుక్రవారం ఉత్తరం రాగానే అత్తగారు పెళ్ళికొడుకుని ముస్తాబు చేసినంత శ్రద్ధగా దాన్ని దిద్దేవారు. ఒక్క కామా కూడా తప్పిపోనిచ్చేవారు కాదు. కొత్త పొగడ్త కనిపిస్తే చీటీమీద రాసుకుని, సోమవారం తూకానికి పంపేవారు. ఆవిడంత హాయిగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. నాకూ హాయిగానే ఉండేది.

అయిదో నెలలో హెడ్డాఫీసు నుంచి ఇద్దరొచ్చారు. వరసగా తొమ్మిది ఎర్ర ఉత్తరాలు బల్లమీద పరిచారు. అద్దాల గదిలోంచి మేనేజరు గొంతు మా దాకా వినిపించింది.

"వెటకారమేంటండీ! కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను కదండీ!"

మధ్యాహ్నానికి అట్టపెట్టె చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు, వెనకాలే బావమరిది. లిఫ్టు దగ్గర అత్తగారు చేతులు కట్టుకుని నించున్నారు.

"తమరు దయచేస్తున్నారా?"

తొమ్మిదికి తొమ్మిదీ పలికాయి. వాడు వెనక్కి తిరిగి చూసేలోపు తలుపులు మూసుకున్నాయి.

మరుసటి వారం హెడ్డాఫీసు ఒక కబురు పంపింది. ఆ మేనేజరు తీసేసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక్క అర్జీ పెట్టుకోవచ్చు, ఒక్కసారే. అది చదివి అత్తగారు కుర్చీలోంచి లేచారు. లేచినంత వేగంగానే కూలబడ్డారు. నలభై ఒక్క మాటలూ ఏడాది దాకా తాళంలో ఉన్నాయి. అర్జీలో సాధారణంగా ఉండే మాటలన్నీ అవే.

ఆ సాయంత్రం ఆవిడే కోడలికి దగ్గరుండి చెప్పి రాయించారట. నేను ఫలానా, తీసేశారు, మళ్ళీ తీసుకోండి, అంతే.

"దయ గియ అనకు. 'మీరు' అని రాయి, చాలు."

"అదేంటత్తయ్యా, అడుక్కునే చోట..."

"చెప్పింది రాయవే!"

కారణం మాత్రం చెప్పలేదు. తాను చేసింది కోడలికి తెలియడం ఆవిడకి ఇష్టం లేకపోయింది.

నాలుగో రోజు భోజనాల వేళ కోడలు మా ఆఫీసు గుమ్మంలోకి వచ్చింది. అయిదు నెలల తర్వాత అదే మొదటిసారి రావడం. ఫోను అత్తగారి చేతిలో పెట్టింది. ఎరుపు. వెటకారం తొమ్మిది. అర్జీ కొట్టేశారు, ఫైల్లో రాత అలాగే ఉంటుంది.

అత్తగారు వేలితో కిందికి జరిపారు. తాను చెప్పిందంతా ఉంది. చివర మాత్రం రెండు ముక్కలు ఎక్కువున్నాయి: 'తమరి దయ ఉంటే చాలు. జన్మంతా ఋణపడి ఉంటాను.'

"మీరు చెప్పింది మరీ మొహాన కొట్టినట్టుందని కలిపాను. నిజంగా మనసులో ఉన్నదే రాశాను అత్తయ్యా. అది వెటకారమట." ఆ చివరి రెండు ముక్కల్నీ వేలితో చూపించింది. "ఆయన రాసింది నిజమే. నాకు మాటల మనసు తెలీదు."

అత్తగారు నావైపు చూశారు. నేను నేలవైపు చూశాను.

"నీకు తెలుసే," అన్నారు చివరికి. "వాటిని పాడుచేసింది నేను. వాడి ఉత్తరాల కోసం నేనే తొమ్మిదులు వేశాను."

 కోడలు కళ్ళు తుడుచుకుని, ఫోను వెనక్కి తీసుకుంది.

"అయితే వాడికీ నాకూ ఒకటే మార్కు వేశారన్నమాట, అత్తయ్యా."