పదహారో రూము గోలీల డబ్బా

ఎడారి దేశపు ఇండస్ట్రియల్ ఏరియాలో, మనవాళ్లుండే ఆ కూలీల క్యాంపులో పదహారో రూముకు డాక్టరు రాజన్నే. చదివింది ఏడో తరగతి, చేసేది ఇనుప కడ్డీలు కట్టే పని. అయినా ఎవడు లీవు మీద ఊరికి పోయొచ్చినా, పచ్చళ్లతోపాటు జ్వరం గోలీలూ మూత్రంలో మంటకు గోలీలూ తెచ్చి అతని బిస్కెట్ల డబ్బాలో వేయాల్సిందే. మంట తగ్గగానే ఆపేయాలి, మిగిలినవి ఇంకొకడికి ఉంచాలి. ఇదీ రూము ధర్మం. నేల మీద ధర్మాలు చాలానే ఉన్నాయి గానీ ఇంత దయగలవి తక్కువ.

మంట ఎందుకొస్తుందంటారా, సైటులో మరుగుదొడ్డి ఆ చివరెక్కడో ఉంటుంది. పోయొచ్చేలోపు ఫోర్‌మన్ యల్లా యల్లా అని తరుముతాడు. అందుకని నీళ్లు తాగరు, వచ్చినా ఆపుకుంటారు.

తన చిన్నాయన కొడుకు రాజేందర్‌కు ఏడాదిలో మూడుసార్లు మంటొస్తే, మూడుసార్లూ రెండేసి గోలీలతో డ్యూటీకి పంపాడు రాజన్న. నాలుగోసారి నడుంనొప్పి, వణుకుడు జ్వరం. ఆస్పత్రిలో చేర్చారు.

ల్యాబులో పనిచేసే భానుమతిది కాకినాడ. వరండాలో రాజన్న తెలుగు మాట విని ఆగింది.

"మీవాడి మూత్రంలో దొరికిన పురుగు మీద పన్నెండు మందులు పెట్టి చూశామండి. పదకొండింటికి ఆ పురుగు చావలేదు."

"పన్నెండోది?"

"సెలైన్లో ఎక్కిస్తున్నారు. దానికీ అంతంతమాత్రమే."

"గంత బలం యాడికెళ్లి అచ్చిందమ్మా దానికి?"

"మందుని విరగ్గొట్టే జన్యువుందండి. చిన్న ఉంగరంలాంటి దాని మీద ఉంటుంది. సగం మందేసి ఆపితే మెత్తవి చస్తాయి, ఇవి మిగులుతాయి. పక్కవాటికి, వేరే జాతి పురుగులక్కూడా, ఆ ఉంగరానికి నకలు తీసి ఇచ్చేస్తాయి."

"ఉత్తగనే ఇత్తయా?"

"ఉత్తినే."

"మా రూము లెక్కనే ఉన్నయి గదా" అన్నాడు రాజన్న. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "గోలీలు నేనే ఇచ్చిన."

"ఊరి నుంచి వచ్చిన మా అత్తగారి సూట్‌కేసులోనూ సగం ఆ గోలీలేనండి. నా మాటే వినరు" అని భానుమతి లోపలికి వెళ్ళిపోయింది.

మూడో రోజుకీ జ్వరం దిగలేదు. మధ్యాహ్నం రాజేందర్ భార్య ప్రమీల ఊరి నుంచి ఫోన్ చేసింది.

"బావా, ఆయనకు గోలీలు ఏసినవా? నీ హస్తవాసి మంచిదంటడు."

తలుపు అద్దంలోంచి లోపల రాజేందర్ మంచం కనిపిస్తోంది. నర్సు మళ్లీ దుప్పటి కప్పుతోంది.

"ఏసిన ప్రమీలా."

"అయితే తగ్గుతది తియ్" అని ఆమె ఫోన్ పెట్టేసింది.