కాలువ గట్టున ఈదమ్మ ఆడించిన పిల్లలు

ఈదమ్మది కొత్తకోటకు దగ్గర్లోని కురుమ ఇల్లు. పుట్టింట్లోనూ అత్తింట్లోనూ గొర్లే ఆస్తి. పందొమ్మిది వందల యాభైల నడిమి ఏళ్ళలో వరసగా వానలు ముఖం చాటేశాయి. మేత లేక సగం మంద చచ్చింది, మిగిలింది సంతలో అయినకాడికి పోయింది. అప్పుడే మల్లప్ప అనే మేస్త్రి ఊరూరా తిరిగి కాలువ పనికి మనుషుల్ని పోగుచేస్తున్నాడు. ఈదమ్మ, ఆమె పెనిమిటి పర్వతాలు చంటిబిడ్డ మణెమ్మను చంకనేసుకుని అతని లారీ ఎక్కి నల్గొండ వైపు వెళ్ళారు.

మగవాళ్ళు గడ్డపారలతో మట్టి పెళ్ళగించాలి, ఆడవాళ్ళు తట్టల్లో మోసుకెళ్ళి గట్టు మీద పోయాలి. అదీ పని. బిడ్డ ఏడ్చిందని తట్ట దించిన తల్లికి ఆ పూట కూలి లేదు. అందుకని అక్కడి తల్లులకు ఒక అలవాటు ఉండేది. పొద్దున పనిలోకి దిగేముందు జొన్నగింజలో సగమంత నల్లమందు వేలికి అద్దుకుని పిల్లల నోట్లో రాసేవారు. పిల్లలు గోనెపట్టాల నీడన సాయంత్రం దాకా పడి నిద్రపోయేవారు. ఏడుపు ఉండదు, ఆకలి అనరు. మందు మేస్త్రి మనుషుల దగ్గరే దొరికేది. దాన్ని ఎవరూ పాపమనుకోలేదు. ఈదమ్మకు ఆ సంగతి నేర్పింది పక్క గుడిసె సోమమ్మ.

రెండో ఎండాకాలం మణెమ్మకు పాలు మానిపించారు. బిడ్డ చిరాకుతో కాళ్ళకు చుట్టుకుని వదిలేది కాదు. ఒకరోజు ఈదమ్మ మందు కొంచెం ఎక్కువ రాసింది. మధ్యాహ్నం జొన్నగటక తాగడానికి వచ్చి చూస్తే బిడ్డ పెదవులు నీలంగా ఉన్నాయి. ఎత్తుకుంటే మెడ వాలిపోయింది.

పర్వతాలు గట్టు పక్కన గుంత తీసి పూడ్చాడు. కొద్దిరోజుల్లోనే ఆ చోటు మీద కూడా మట్టి పడి గట్టు ఎత్తు పెరిగింది. బిడ్డ ఎక్కడుందో గుర్తుపట్టడానికి లేకుండా పోయింది. ఆ మట్టిలో కొన్ని తట్టలు ఈదమ్మ పోసినవే.

ఆమె ఏడవలేదు. తట్ట ఎత్తుకుంది, దించింది, మళ్ళీ ఎత్తుకుంది. రాతిగుండె మనిషని తోటి ఆడవాళ్ళు చాటుగా అనుకున్నారు.

ఒక పొద్దున సోమమ్మ తన బిడ్డ సవారమ్మను ఒళ్ళో పడుకోబెట్టుకుని వేలికి మందు అద్దుకుంటోంది. దారిన పోతున్న ఈదమ్మ వంగి ఆ చేతిని ఒక్క దెబ్బ కొట్టింది. మందు మట్టిలో పడింది.

"పిచ్చి లేసిందానె ఈదక్కా నీకు?" అని సోమమ్మ లేచింది. "దీన్ని ఎవలు సూస్తరు? నువ్వు సూస్తవా?"

"సూస్త."

"పని ఎవలు జేస్తరు? నీకు కూలి ఎవడిస్తడు?"

"నా బువ్వ నువ్వు పెట్టు. ఇంత జొన్నపిండి పెట్టు, సాలు. పోరికి మాత్రం ఇది పెట్టకు."

ఆ రోజు సోమమ్మ కోపంతోనే బిడ్డను వదిలి వెళ్ళింది. మెల్లగా ఇంకో ఇద్దరు తల్లులు వచ్చారు, ఆ తర్వాత మరికొందరు. అందరూ నమ్మి రాలేదు. మణెమ్మ చావు చూశాక మందు రాయాలంటే వాళ్ళకూ భయం పట్టుకుంది.

మొదటి రోజులు నరకంగా గడిచాయి. మందు అలవాటైన పిల్లలు అది అందక గుక్కపట్టి ఏడ్చారు, ముక్కులు కార్చారు, విరేచనాలతో తడిసిపోయారు. ఒకరిని ఎత్తుకుంటే ఇంకొకరు నేల మీద పడి దొర్లేవారు. ఆ ఏడుపులు కిందికి, కాలువలోకి వినిపిస్తుంటే తల్లులు తట్టలతోనే ఆగిపోయేవారు. మల్లప్ప వచ్చి కర్రతో గుడిసె గుంజను కొట్టాడు.

"గీ లొల్లేందే? రేపటి సంది నువ్వు తట్ట ఎత్తాలె, లేకుంటే ఊరికి నడువు."

"జర నాలుగొద్దులు ఓపిక పట్టు మేస్త్రీ. ఊకుంటరు," అంది ఈదమ్మ. ఎలా ఊరుకుంటారో ఆమెకూ తెలియదు.

ఏం చేయాలో తోచకే ఆమె ఆ పని చేసింది. తాగే నీళ్ళ ముంత ఒలికి నేల తడిసింది. అందరికంటే గట్టిగా ఏడుస్తున్న సవారమ్మ పిడికిట్లో ఆ బురద ఇంత పెట్టింది. పిల్ల ఏడుపు ఆపి చెయ్యి చూసుకుంది. వేళ్ళ సందుల్లోంచి బురద బయటికి వస్తుంటే మళ్ళీ పిసికింది. మిగతా పిల్లలు పాక్కుంటూ వచ్చారు.

అప్పటినుంచి ఈదమ్మ కంటికి కనబడినదల్లా తెచ్చేది. జొన్న దంట్లు తెచ్చి పెచ్చు చీరి, లోపలి మెత్తని బెండుతో బండ్లు చేసింది. ముంజలు తిని పారేసిన కాయలకు పుల్ల గుచ్చి చక్రాలు పెట్టింది. చినిగిన చీర పేలికలు చుట్టి బొమ్మ కట్టింది. కాలువ తవ్వకంలో పసుపు మన్ను, తెల్ల సుద్ద బయటపడుతుంటే వాటిని తడిపి పిల్లల ముందు చిప్పల్లో పెట్టేది. వాళ్ళు గుడిసె గుంజలకు, తమ పొట్టలకు, ఈదమ్మ పాదాలకు పూసేవారు.

కొద్దిరోజులకు ఆమె ఒక సంగతి గమనించింది. తాను పొందిగ్గా చేసిచ్చిన బండిని పిల్లలు కాసేపు ఆడి విరిచి పారేస్తున్నారు. వాళ్ళు వంకరటింకరగా చేసుకున్న మట్టిముద్దను మాత్రం నిద్రలో కూడా వదలడం లేదు. ఆ తర్వాత ఆమె ఏ బొమ్మనూ పూర్తిగా చేసివ్వలేదు. చక్రాలు లేని బండిని, కాళ్ళు లేని గొర్రెను మధ్యలో పెట్టి, "ఇగ దీనికేం గావాలె?" అని అడిగి ఊరుకునేది. గొర్రెకు ఒక పిల్ల ఆరు కాళ్ళు పెడితే, "మంచిగ ఉరుకుతది," అనేది.

సవారమ్మకు మూడేళ్ళు. పుట్టినప్పటినుంచీ మందు మీదే పెరిగింది. నోట ఒక్క మాట రాలేదు. సోమమ్మ ఆ పిల్ల మూగదని ఒప్పేసుకుంది. ఒక మధ్యాహ్నం సవారమ్మ మట్టిముద్దకు పుల్ల గుచ్చి, నేల మీద తోస్తూ, "డుర్ర్... డుర్ర్..." అంది. మట్టి లారీ చప్పుడు అది. అప్పుడే గటకకు వచ్చిన సోమమ్మ నెత్తి మీది చుట్టకుదురు తీయడం కూడా మరిచి అలాగే నిలబడింది.

"దానికి గొంతున్నదే అక్కా," అంది.

తల్లులు మాటిమాటికీ పిల్లల కోసం పరుగెత్తడం తగ్గింది కాబట్టి మల్లప్ప మళ్ళీ ఆమెను తట్ట ఎత్తమన్న ఊసెత్తలేదు. కూలి మాత్రం ఇవ్వలేదు. తల్లులు పెట్టే పిండితోనే ఈదమ్మ పొట్ట నిండేది, నిండని రోజులూ ఉండేవి.

పిల్లలు తమకు తెలిసినవే ఆడుతారు. మేస్త్రి ఆట ఆడారు, తట్టల ఆట ఆడారు. దసరా ముందు ఒకరోజు పేలికల బొమ్మను తీసుకుని చిన్న గుంత తవ్వారు. బొమ్మను అందులో పడుకోబెట్టి, ఒకరి వెనక ఒకరు చిప్పలతో మట్టి తెచ్చి పోశారు. ఒక పిల్ల పెద్దవాళ్ళలాగే మోకాళ్ళ మీద కూలబడి నెత్తి బాదుకుంది.

నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళు అది చూసి అదిరిపోయారు. "అపశకునం! ముండ ఆటలు!" అని ఒకామె పిల్లల వీపు మీద చరచబోయింది.

ఈదమ్మ అడ్డం వెళ్ళింది. "కొట్టకున్రి. ఆడనియ్యున్రి." పిల్లల దగ్గర కూర్చుని అడిగింది. "ఎవలను పెట్టిన్రు బిడ్డా?"

"మణెమ్మను," అంది నెత్తి బాదుకున్న పిల్ల.

అప్పుడు ఏడ్చింది ఈదమ్మ. బిడ్డ పోయినరోజు రాని ఏడుపు, గట్టు మీద ఉన్నవాళ్ళంతా పని ఆపి చూసేంత ఏడుపు. పిల్లలు బెదిరిపోయారు. ఒకడు గుంతలోంచి బొమ్మను పైకి తీసి, మట్టి దులిపి, ఆమె ఒళ్ళో పెట్టాడు.

ఏడుపు విని పర్వతాలు గడ్డపార పట్టుకునే వచ్చాడు. ఒళ్ళో ఉన్న బొమ్మను, తవ్విన గుంతను చూశాడు. జరిగింది ఎవరో చెప్పారు.

"సచ్చిన బిడ్డ పేరు పెట్టి ఆటలాడిపిస్తున్నవా?" అన్నాడు. అతని గొంతు పెద్దగా లేదు. "ఊరోళ్ళ పిల్లలకు బండ్లు, బొమ్మలు. నీ బిడ్డ బతికుండంగ ఒక్క పుల్ల ఇరిచిచ్చినవానె?"

తెల్లారి అతను కొత్తకోటకు పోయి ఇల్లు చూసొస్తానని లారీ ఎక్కాడు. తిరిగి రాలేదు. బొంబాయి వైపు ఏదో పనికి పోయాడని, అక్కడే ఇంకొక మనిషిని చేసుకున్నాడని రెండేళ్ళ తర్వాత తెలిసింది.

అతను వెళ్ళిన కొన్నాళ్ళకు ఈదమ్మ సోమమ్మతో ఒక్కసారి మాత్రం అంది. "ఆయిన అన్నది అబద్ధం గాదు సోమీ. నా బిడ్డ ఊకె పండుకుంటె సాలనుకున్న. అది ఏమాట ఆడుతదో, ఏం జేస్తదో సూడనే లేదు."

మరుసటి వానాకాలం గుడిసెల్లోకి చలిజ్వరం వచ్చింది. గొర్రెకు ఆరు కాళ్ళు పెట్టిన పిల్ల పోయింది, ఇంకో పసివాడు పోయాడు. ఈ చావులకు నల్లమందుతో సంబంధం లేదు, ఆటలూ వీటిని ఆపలేకపోయాయి. కాలువ ముక్క పూర్తయ్యాక మల్లప్ప జట్టు చెదిరిపోయింది. సోమమ్మ కుటుంబంతో కలిసి ఈదమ్మ మోత్కూర్ దిక్కు చెరువుకట్ట పనికి మరో మేస్త్రి వెంట వెళ్ళింది. తట్ట ఎత్తని మనిషికి తన గుడిసెల్లో జాగా లేదని ఆయన మొదటిరోజే చెప్పాడు. ఈదమ్మ తట్ట ఎత్తుకుంది.

సోమమ్మకు అక్కడ కొడుకు పుట్టాడు. ఒక పొద్దున ఆమె వాడి నోట్లో వేలు పెట్టడం ఈదమ్మ చూసింది. ఈసారి కొట్టడానికి చెయ్యి లేవలేదు. కొడితే వాణ్ని సాయంత్రం దాకా ఎవరు చూస్తారు? సోమమ్మ కూడా తల ఎత్తలేదు. ఇద్దరూ తట్టలెత్తుకుని కట్ట మీదికి నడిచారు.

అరవైలు సగం దాటేసరికి ఈదమ్మకు దగ్గు పట్టుకుంది. దగ్గులో నెత్తురు పడ్డాక మేస్త్రి పొమ్మన్నాడు. పాలమూరు దవాఖానలో క్షయ అని చెప్పి సూదులు రాశారు. కొన్నాళ్ళు తిరిగింది, తర్వాత తిరగలేకపోయింది. తమ్ముడు బీరప్ప ఇంటికి చేరింది. అతని పెండ్లాం భద్రమ్మ దొడ్డి మూల గొర్ల కొట్టంలో చాప వేసి, గిన్నె వేరు చేసింది. తన ఇద్దరు పిల్లల్ని ఆ దిక్కు పోనిచ్చేది కాదు.

ఈదమ్మ పడుకున్నచోటే బెండుతో బండి చేసి కొట్టం గడప మీద పెట్టేది. భద్రమ్మ పుల్లతో దాన్ని ఎత్తి పొయ్యిలో వేసేది. అలా కొన్నిసార్లయ్యాక ఒకరోజు ఏడుపు ఆపుకోలేక అంది. "నాకు కండ్లమంట లేదొదినా. పిల్లలు గదా, బుగులైతాంది."

"కాలబెట్టు. నీ తప్పేం లేదు," అంది ఈదమ్మ. "నేను ముట్టను. వాండ్లను అవుతల కూసోనియ్యి. నోటితోని చెప్త, వాండ్లే చేసుకుంటరు."

భద్రమ్మ ఆలోచించి ఒప్పుకుంది. దొడ్డికి అవతలి కొసన వేపచెట్టు కింద పిల్లలు మట్టి, పుల్లలు ముందేసుకుని కూర్చునేవారు. ఈదమ్మ కొట్టంలోంచి, "పొడుగు పుల్ల తీస్కో... ఇగ నీకేం గావాలె, నువ్వే చెప్పు," అనేది. మధ్యలో దగ్గొచ్చి ఆగేది. ఆమె మళ్ళీ అందుకునేదాకా పిల్లలు ఆగేవారు.

చలికాలానికి గొంతు పోయింది. చెప్తున్నది అవతలికి వినబడేది కాదు. పిల్లలు కొన్నాళ్ళు చెవులు రిక్కించి కూర్చున్నారు, తర్వాత చిన్నగా వాళ్ళ ఆట వాళ్ళు మొదలుపెట్టారు. ఈదమ్మ తడిక సందులోంచి చూస్తూ పడుకునేది. సంక్రాంతి దాటాక ఒక మధ్యాహ్నం భద్రమ్మ అంబలి తీసుకెళ్ళేసరికి ఈదమ్మలో ప్రాణం లేదు. బీరప్ప వచ్చేదాకా భద్రమ్మ పిల్లల ఆట ఆపలేదు, వేపచెట్టు కిందే ఆడుకోనిచ్చింది.