ముందు నువ్వు ఏసుకో, నర్సమ్మా

2022లో నేను పుంగనూరు దగ్గర ఒక సబ్ సెంటర్‌లో ఏఎన్ఎంని. అంటే ఊళ్లు తిరిగి గర్భిణులకూ పిల్లలకూ టీకాలు వేసే నర్సుని. అప్పుడు నాకే ఆరో నెల. భుజాన ఐస్ ప్యాకుల పెట్టె, ముందు పొట్ట. నేను స్కూటీ దిగుతుంటే ఆడవాళ్లు నవ్వేవాళ్లు.

ఒక ఊళ్లో గర్భిణుల్లో శిరీష ఒక్కతే మిగిలింది. ఐదో నెల వచ్చినా టీడీ టీకా మొదటి డోసు పడలేదు. తల్లికీ బిడ్డకూ ధనుర్వాతం రాకుండా కాపాడే టీకా అది. నెల ఎడంతో రెండుసార్లు వేయాలి. నేను వెళ్లినప్పుడల్లా ఆ పిల్ల టమాటా తోటలో ఉండేది, వాకిట్లో అత్త రెడ్డెమ్మ ఉండేది. ఆమె సూది వద్దంటే మూడుసార్లు వాకిట్లోంచే తిరిగొచ్చాను.

నాలుగోసారి తోటకే వెళ్లాను. మదనపల్లె మార్కెట్టుకు క్రేట్లు నింపుతున్నారు. రెడ్డెమ్మ పక్కన కూర్చుని నేనూ పుచ్చిన కాయలు ఏరసాగాను.

"సూదంటే నీకు యాల అంత కోపం అక్కా?" అన్నాను. అన్నాళ్లూ చెప్పడమేగానీ అడగలేదు.

ఆమె చెయ్యి ఆగింది. "మా పెద్దకోడలికి ఏసినారమ్మా. మూడు దినాలకే కడుపు పోయె. ఈ పిల్లకూ అట్లయితే నువ్వు తెచ్చిస్తావా?"

గర్భం పోవడానికి ఈ టీకా కారణం కాదని వివరించాను. "ఏమీ కాదక్కా" అన్నాను.

"అప్పుడొచ్చిన నర్సమ్మా అదే సెప్పె. నువ్వూ కడుపుతో ఉండావు గదా, నువ్వు ఏసుకున్నావా?"

నాకు మొదటి డోసు అయింది. రెండోదాని తేదీ దాటి పదిరోజులు. ఊరందరి కార్డులూ చూసే నేను నా కార్డు తెరవలేదు. పైగా నాకు సూదంటే భయం.

"ఒకటి ఏసుకున్నా. రెండోది ఇంకా లేదు" అని ఒప్పుకున్నాను.

"అయితే ముందు నువ్వు ఏసుకో. నేను సూడాల."

సబ్ సెంటర్‌లో నాతో పనిచేసే నర్సుకు ఫోన్ చేస్తే అరగంటలో వచ్చింది. గట్టు మీద కూర్చున్నాను. కోతకొచ్చినవాళ్లంతా చుట్టూ చేరారు. సూది దిగగానే "అమ్మో!" అని కేకపెట్టాను. తోటంతా నవ్వులే. శిరీష క్రేటు మీదికి వాలిపోయి మరీ నవ్వింది.

రెడ్డెమ్మ మాత్రం నవ్వలేదు. "రేపు రా. నువ్వెట్లుండేదీ సూసి సెప్తా."

మర్నాడు వెళ్లాను.

"ఎట్లుండాది?"

"చెయ్యి ఎత్తలేకుండా ఉండానక్కా. ఒళ్లూ వెచ్చగా ఉండాది. రెండు దినాలు ఇట్లే ఉంటాది. బిడ్డ మాత్రం పొద్దన్నుంచీ తంతానే ఉండాది."

ఆమె నా పొట్టమీద అరచెయ్యి ఆనించింది. కాసేపటికి లోపలినుంచి గట్టిగా ఒక తన్ను. ఆమె ముఖం విచ్చుకుంది.

"మే శిరీషా, ఇట్రా!" అని కేకేసింది.

నెల తర్వాత రెండో డోసుకు కోడల్ని ఆటోలో తనే తీసుకొచ్చింది. "ఆరోజు ఎట్లా ఒప్పుకున్నావక్కా?" అని అడిగాను.

"ఏమీ కాదంటే నమ్మలేదమ్మా. నొస్తాదని సెప్తివే, అప్పుడు నమ్మితి."

శిరీషకూ నాకూ కాన్పులు సుఖంగా జరిగాయి. ఇప్పుడు నేను కుప్పం వైపు పనిచేస్తున్నాను. ఎవరి దగ్గరా "ఏమీ కాదు" అనను. ఎంత నొప్పి ఉంటుందో, ఎన్నాళ్లుంటుందో చెప్పి చెయ్యి చాపమంటాను. చాలామంది చాపుతారు. చాపనివాళ్ల పక్కన కూర్చుని, ఎందుకని అడుగుతాను.