ఒక ఆటల కంప్యూటరుకు నేను ఎంచిన యాంటీవైరస్

ఈ సంగతిలో నష్టపోయినవారు నన్ను నలుగురిలో ఒక్క మాట అనలేదు. అందువల్ల ఆత్మకూరులో ఇది ఎవరికీ తెలియదు. పనిలో కచ్చితమైన మనిషినన్న పేరు నాకు ఈనాటికీ చెక్కుచెదరకుండా ఉంది. ఆ పేరుకు నేను పూర్తిగా తగినవాడిని కానని తెలిసిన తరువాత కూడా మౌనంగా ఉండడం సబబు కాదు. ఇంటి కంప్యూటరుకు యాంటీవైరస్ ఏది పెట్టుకోవాలని అడిగేవారు నేటికీ నా దగ్గరికి వస్తూనే ఉన్నారు. వారికి చెప్పే సలహా వెనుక ఏ తప్పు ఉన్నదో కూడా వారికి తెలియాలి. అందుకే రాస్తున్నాను.

అది 2022 వేసవి. నేను ఐ.టి.ఐ.లో ఎలక్ట్రానిక్స్ బోధకుడిగా పదవీ విరమణ చేసి, ఆత్మకూరులో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం తెరిచి అప్పటికి ఎనిమిదేళ్ళు. ఉదయగిరి నుంచి పెంచల కిశోర్ అనే యువకుడు తన కంప్యూటరును అట్టపెట్టెలో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. అక్కడ ఒక ఫోటో స్టూడియోలో పెళ్ళి ఆల్బములు తయారుచేయడం అతని ఉద్యోగం. ఇంట్లో ఆటల కోసం ప్రత్యేకంగా కూర్చుకున్న యంత్రం అది. వేగం పెంచుతుందని ఎవరో చెప్పగా ఏదో ఉచిత ప్రోగ్రాం ఎక్కించుకుని, దానితోపాటు వైరస్ కూడా తెచ్చుకున్నాడు.

ఆ కంప్యూటరులో ఏమున్నదో నాకు ఆనాడు తెలియదు. చదివేవారికి మాత్రం ముందే చెప్పడం న్యాయం. కిశోర్ తండ్రి రమణయ్య ముప్పై ఏళ్ళు బస్సు డ్రైవరు. అందులో చాలా భాగం ఉదయగిరి, ఆత్మకూరు మధ్యనే. చక్కెర వ్యాధి ముదిరి కుడికాలు మోకాలి కింద తీసేశారు. కంటిచూపు కూడా తగ్గుతూ వస్తున్నది. మిగిలిన చూపు ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేమని నెల్లూరు డాక్టర్లు తేల్చారు. బస్సు నడిపే ఆటలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఆడేవారు తమకు కావలసిన దారిని తామే తయారుచేసి చేర్చుకోవచ్చు. ఆ దారిని మ్యాప్ అంటారు. కిశోర్ రెండేళ్ళు కష్టపడి, ఫోటోలు తీసి, కొలతలు వేసి, తండ్రి నడిపిన ఆ దారినే మ్యాపుగా తయారుచేశాడు. కంప్యూటరుకు తగిలించే ఆట స్టీరింగు ఒకటి కొని, బ్రేకూ యాక్సిలరేటరూ చేత్తోనే వేసేలా దాని పక్కన ఒక పిడి బిగించాడు. ఇంకొక నెలలో ముగించి, చూపు ఉండగానే తండ్రిచేత ఆ దారిలో బస్సు నడిపించాలని అతని తాపత్రయం.

ఇవేవీ అతను నాకు చెప్పలేదు. కాదు, చెప్పబోయాడు, నేను చెప్పనివ్వలేదు.

"సార్, గేమ్ ఆడేటప్పుడు అడ్డం రాని యాంటీవైరస్ ఏదైనా ఉంటే చెప్పండి. స్కాన్ మొదలైతే బస్సు ఆగి ఆగి పోతా ఉండాది," అన్నాడు.

"నీ వయసెంత?" అని అడిగాను.

"ముప్పై రెండు సార్."

"పెళ్ళయిందా?"

"అయింది సార్. పాప కూడా ఉండాది."

"మరి ఆటలు పాప ఆడుతుందా, నువ్వు ఆడతావా?"

దుకాణంలో కూర్చున్న ఇద్దరు నవ్వారు. "అది ఆట మాదిరి కాదు సార్, మా నాయనకి..." అని అతను మొదలుపెట్టాడు. పని చేసే యంత్రానికీ, పొద్దుపుచ్చే యంత్రానికీ కాపలా ఒక్కటే ఉంటుందని, సడలింపులు నా దగ్గర ఉండవని చెప్పి మాట తుంచేశాను. అతను కూడా నవ్వి ఊరుకున్నాడు. పెద్దవారి ముందు వాదించకూడదని పెంచిన ఇంటి పిల్లవాడని ఆనాడు మెచ్చుకున్నాను. వాదించి ఉంటే ఎంత బాగుండేదో!

నా పద్ధతిని కొంత వివరించాలి. యాంటీవైరస్‌కు ఏదైనా ఫైలు మీద అనుమానం వచ్చినప్పుడు రెండు మార్గాలుంటాయి. ఒకటి క్వారంటైన్, అంటే ఆ ఫైలును పని చేయకుండా కట్టి ఒక మూల గదిలో పెట్టడం. పొరపాటని తేలితే తిరిగి బయటికి తీయవచ్చు. రెండవది డిలీట్, అంటే పూర్తిగా తొలగించడం. దుకాణం తెరిచిన కొత్తలో దుత్తలూరు రైతు ఒకాయన క్వారంటైన్‌లో ఉన్న వైరస్‌ను తనకు కావలసిన ఫైలేమోనని బయటికి తీసి, కంప్యూటరు మొత్తం పాడుచేసుకుని మళ్ళీ నా దగ్గరికి వచ్చాడు. ఆనాటి నుంచి నేను ఒక నియమం పెట్టుకున్నాను. అనుమానం వచ్చిన ఫైలును అడగకుండా డిలీట్ చేయాలి. పెన్‌డ్రైవ్ పెట్టగానే దానిని కూడా వెతకాలి. ఈ అమరికలను ఎవరూ మార్చకుండా పాస్‌వర్డ్ వేయాలి. అది నా ఒక్కడి దగ్గరే ఉండాలి. అందరి యంత్రాలకూ ఇదే.

ఇంకొక నియమం కూడా ఉంది. డిస్కును తుడిచి కొత్తగా మొదలుపెట్టడాన్ని ఫార్మాట్ అంటాం. దానికి ముందు, కావలసినవన్నీ ఒకే కట్టగా, అంటే ఒకే ఫైలుగా చేర్చి పెట్టుకోమని చెప్పేవాణ్ణి. పది ఫోల్డర్లు అక్కడొకటి ఇక్కడొకటి పడి ఉండడం నాకు గిట్టదు. కిశోర్ చెప్పినట్లే చేశాడు. మ్యాపు, ఫోటోలు, మ్యాపును ఆటలో చేర్చే ఒక చిన్న ప్రోగ్రాం, అన్నీ ఒకే కట్టలో చుట్టి, డిస్కులో నేను తుడవని రెండవ భాగంలో ఒక ప్రతి, పెన్‌డ్రైవ్‌లో ఒక ప్రతి ఉంచాడు. నేను మొదటి భాగాన్ని ఫార్మాట్ చేసి, నాకు నమ్మకమైన యాంటీవైరస్‌ను నా నియమాల ప్రకారం అమర్చి పంపాను.

మూడవ రోజు మధ్యాహ్నం నేను భోజనానికి కూర్చోబోతుండగా ఫోన్ వచ్చింది.

"సార్, నేను కట్టి పెట్టుకున్న ఫైలు తెరవబోతే కనపడకుండా పోయింది. పెన్‌డ్రైవ్ పెట్టినాను. దాంట్లోది కూడా పోయింది. తొలగించినామని చిన్న బోర్డు వచ్చింది."

"ఏమి ఫైలది?"

"బస్సు గేమ్‌ది సార్."

ఆ తరువాత నేను అన్న మాటలను ఉన్నవి ఉన్నట్లుగా రాయడం నా బాధ్యత. "యాంటీవైరస్ తీసేసిందంటే అందులో వైరస్ ఉన్నట్లే. పీడ పోయిందనుకో. ఆటలు మళ్ళీ డౌన్‌లోడ్ చేసుకో. పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసి వాడుకో."

"అంతేనా సార్?" అన్నాడు.

"అంతే."

"సరే సార్," అని పెట్టేశాడు.

ఇక్కడ ఒక విషయం తెలియాలి. తొలగించిన ఫైలు వెంటనే మాయమైపోదు. దాని చోటు ఖాళీ అని గుర్తు మాత్రమే పడుతుంది. ఆ చోట కొత్తది ఏదీ రాయకుండా తెస్తే, అలాంటి ఫైళ్ళను నేను ఎన్నోసార్లు తిరిగి తీసి ఇచ్చాను. ఆ రోజు నేను చెప్పవలసింది ఒక్కటే: యంత్రం ఆపు, పెన్‌డ్రైవ్ ముట్టుకోకు, రెండూ తీసుకుని రా. చెప్పలేదు. కిశోర్ నా మాట తు.చ. తప్పకుండా పాటించాడు. ఆ చోట పెద్ద పెద్ద ఆటలు మూడు దింపాడు. పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేసి, పాప కోసం పాటలు నింపి ఇచ్చాడు.

పది రోజులకు రమణయ్య గారు నా దుకాణానికి వచ్చారు. నెల్లూరు కంటి ఆసుపత్రి నుంచి తిరిగి వెళుతూ, చంకలో కర్రతో, కొడుకు భుజం పట్టుకుని బస్సు దిగారు. కిశోర్ తల ఎత్తలేదు. ఆయన నేను వేసిన కుర్చీని చేత్తో తడిమి చూసుకుని కూర్చున్నారు.

"సారూ, మావోడు మీ మీద ఒక్క మాట చెప్పడు. అడిగితే తన తప్పే అంటాడు," అన్నారు. "ఆ రోడ్డు మళ్ళీ వస్తాదా, రాదా? అదొక్కటి చెప్పండి."

"ఏ రోడ్డు?" అన్నాను.

తండ్రి కొడుకు వైపు తిరిగారు. "ఏందిరా, సారుకి చెప్పనే లేదా?"

అప్పుడు కిశోర్ అంతా చెప్పాడు. నేను వినవలసినది పద్నాలుగు రోజులు ఆలస్యంగా విన్నాను.

కిశోర్ సంచిలోంచి తీసి ఇచ్చిన డిస్కునూ పెన్‌డ్రైవ్‌నూ నా దగ్గరే ఉంచుకున్నాను. నాలుగు రోజులు మరే పనీ ముట్టుకోలేదు. తెలిసిన సాధనాలన్నీ వాడాను. ఒక కిలోమీటరు రాయి ఫోటో, బస్సు షెల్టరు సగం ఫోటో, ఉదయగిరి కొండ అంచు, ఇవి దొరికాయి. మ్యాపు దొరకలేదు. ఆ కట్టలో నిజంగా వైరస్ ఉన్నదా అని కూడా పరీక్షించాను. మ్యాపును ఆటలో చేర్చే ఆ చిన్న ప్రోగ్రామును దాని తయారీదారు పేజీ నుంచి మళ్ళీ దింపి చూశాను. అందులో ఏ దోషమూ లేదు. ఒకరిద్దరు తయారుచేసే చిన్న ప్రోగ్రాములను గుర్తుపట్టక వైరస్ అనుకోవడం యాంటీవైరస్‌లలో ఉన్న లోపమే. దానిని ఫాల్స్ పాజిటివ్ అంటారు. ఆ ఒక్కదాని మీద అనుమానంతో, నేను కట్టించిన కట్ట మొత్తాన్నీ అది తొలగించింది. తరువాత వచ్చిన అప్‌డేటులో నేను పెట్టిన ఆ యాంటీవైరస్సే దానిని మంచిదని ఒప్పుకున్నది. క్వారంటైన్‌లో ఉంచి ఉంటే ఒక్క బటను నొక్కితే సరిపోయేది.

ఉదయగిరి వెళ్ళి ఈ మాట వారి ఇంట్లో కూర్చుని చెప్పాను. కిశోర్ నన్ను దూషించలేదు. "మళ్ళీ చేస్తా సార్. కానీ రెండేండ్లు పట్టింది. నాయన కండ్లు అంత టైము ఇయ్యవు," అన్నాడు. ఆ దారిలో చివరి ముక్క, దుత్తలూరు నుంచి ఉదయగిరి వరకైనా ముందు చేద్దామన్నాను. ఆదివారాల్లో నేనూ అతనితో వెళ్ళాను. బస్సులో ముందు సీట్లో కూర్చుని ఫోటోలు తీయడం, మలుపు మలుపుకూ దూరం రాసుకోవడం నా పని. అరవై ఆరేళ్ళ వయసులో, ఆట అని వెక్కిరించిన దానిలో ఎంత కొలత, ఎంత ఓర్పు ఉన్నదో నేర్చుకున్నాను. నా విద్యార్థులలో అంత శ్రద్ధగా పని చేసినవారు ఇద్దరు ముగ్గురికి మించి లేరు.

ఆ ముక్క పూర్తయ్యేసరికి ఎనిమిది నెలలు. రమణయ్య గారికి అప్పటికి వెలుగూ చీకటీ మాత్రమే తెలుస్తున్నాయి. అయినా స్టీరింగు ముందు కూర్చున్నారు. చేతులు దాని మీద సరైన చోటనే పడ్డాయి. ఇంజను శబ్దం విని గేరు వేశారు. బస్సు కదిలింది. మొదటి మలుపు దాకా నేరుగా పోయి, రోడ్డు దిగిపోయింది.

"దిగిందారా?"

"దిగింది నాయనా."

"యాడ?"

"చెరువు కట్ట మలుపు కాడ."

"ఆడ నేను ముప్పై ఏండ్లలో ఒక్కసారి కూడా బండి దింపలా," అన్నారు. కొంతసేపు స్టీరింగు పట్టుకునే ఉన్నారు. తరువాత చేతులు తీసేసి, పక్కకు జరిగారు. "చాల్లే. నువ్వు తోలు. నేను కూచుంటా."

కిశోర్ నడిపాడు. తండ్రి పక్కన కూర్చుని దారి చెబుతూ వచ్చారు. ఒకచోట కొడుకు భుజం తట్టారు. "స్లో చెయ్యి. బడి వదిలే టైము. పిలకాయలు అడ్డం వస్తారు."

మేము మళ్ళీ తయారుచేసిన ఆ దారిలో మనుషులు లేరు. మొదటి మ్యాపులో బడి ముందర పిల్లలు ఉండేవారట. ఈసారి వారిని పెట్టే వ్యవధి మాకు దొరకలేదు. ఆ మాట ఆయనకు మేమిద్దరమూ చెప్పలేదు. కిశోర్ వేగం తగ్గించి, కొంచెంసేపు ఆగి, "పోయినారు నాయనా," అని బండి మళ్ళీ కదిలించాడు.

ఇప్పుడు ఎవరైనా ఆటల కంప్యూటరుకు యాంటీవైరస్ అడిగితే, నేను ముందు పేరు చెప్పను. ఆ యంత్రంలో ఏమున్నది, పోతే మళ్ళీ దొరకనిది ఏది అని అడిగి, వారు చెప్పడం ముగించేవరకు వింటాను. చాలామందికి విండోస్‌తో పాటు వచ్చే రక్షణే చాలు. దాని మీద ఇంకొకటి ఎక్కిస్తే రెండూ ఒకదానికొకటి అడ్డుపడి ఆట నత్తనడక నడుస్తుంది. వేరేది కొనాలనుకునేవారు, ఆట నడుస్తున్నప్పుడు స్కాన్‌ను వాయిదా వేసే గేమ్ మోడ్ ఉన్నదాన్ని ఎంచుకోవాలి. అనుమానం వచ్చిన ఫైలును క్వారంటైన్‌లోనే ఉంచాలి. పాస్‌వర్డ్ యంత్రం సొంతదారుకే చెందాలి. స్వయంగా తయారుచేసినదానికి ఇంకొక ప్రతి కంప్యూటరుకు తగిలించకుండా వేరుగా ఉండాలి. మొదటిది పోతే, ఎందుకు పోయిందో తేలేవరకు రెండవదాన్ని తగిలించకూడదు. ఈ చివరి మాట ఏ పుస్తకంలో చదివిందీ కాదు, కిశోర్ ఇంట్లో నేర్చుకున్నది.

ఇవి ఒక పాతకాలపు బోధకుడికి తెలిసినంతలో రాసినవి. ఈ విద్య ఆరు నెలలకొకసారి మారిపోతున్నది. పై సలహాలలో కాలం చెల్లినది ఏదైనా ఉంటే, ఈ రంగంలో ఉన్నవారు నిర్మొహమాటంగా దిద్దాలని ప్రార్థన. నా వయసు చూసి ఊరుకోవద్దు. కిశోర్ ఊరుకున్నందువల్ల ఏమైందో పైన రాశాను.