పరిగెత్తొద్దన్న దినం

నా చిన్నప్పుడు నేను పరిగెత్తినంతగా మా ఊర్లో మగపిల్లోళ్లు గూడా పరిగెత్తేవాళ్లు కాదు. జమ్మలమడుగు దగ్గర నల్లరేగడి పల్లె మాది. అప్పుడు నాకు పదకొండేండ్లు, అయిదో తరగతి చదువుతాండా. ఇప్పుడు ఆ సంగతి ఎందుకంటే, ఇడుపులపాయలో ఇంజినీరింగు చదివే నా మనవరాలిని యూనివర్సిటీ కబడ్డీ టీములోకి తీసుకున్నారు. వేరే ఊరికి ఆడేదానికి పోవాలంటే ఇంట్లో పెద్దవాళ్ల సంతకం కావాలంట. నా కొడుకు పెట్టనన్నాడు. "చదవను పంపిస్తిమి గానీ, నిక్కరేసుకోని దుంకను పంపిస్తిమా?" అన్నాడు. ఆ మాటకు మా నాయనే లేసొచ్చి నా ముందర నిలబడినట్లయింది.

ఆ యేడు జమ్మలమడుగులో బడిపిల్లోళ్లకు పరుగు పందేలు పెట్టినారు. బడి అయివారు మా ఇంటికొచ్చి నన్ను పంపమని అడిగినాడు. మా నాయన మంచం దిగకుండానే కాదన్నాడు. ఎదిగే పిల్ల నలుగురి ముందర లంగా ఎగ్గట్టి పరిగెత్తితే పరువేం గావాలన్నాడు. అయివారు ఎల్లిపోయినాడు. నేను ఒక మూల కూర్చోని ఏడ్చినా. మా జేజి, అంటే మా నాయనను కన్నతల్లి, ఓదార్చే మనిషి కాదు. చేటలో జొన్నలు చెరుగుతానే, "రేపు నువ్వు పరిగెత్తాకు. యాడికి పోయినా నడిచే పో. మీ నాయన మాట దాటగూడదు" అనింది. జేజి గూడా అట్లనేసరికి నాకు ఇంకా ఏడుపొచ్చింది.

మా ఇంట్లో కాళ్లకు పని చెప్పేదంతా నాకే. పక్కింటి నుంచి నిప్పు తెచ్చేది నేనే, పలుపు తెంచుకున్న దూడను పట్టుకొచ్చేది నేనే. అన్నిటికీ మించి జొన్నచేను కాపలా. కంకి పాలు పోసుకున్నాక చిలకలు మందలు మందలుగా దిగుతాయి. మంచె మీద నుంచి వడిసెలతో రాయి విసిరితే ఈ మూల లేసి ఆ మూల వాలుతాయి. గట్ల మీద పడి ఆ మూలకు పరిగెత్తాల. పొద్దున్నించి మాపటి దాకా అదే పని. అప్పుడు నా లంగా ఎంత పైకుందని ఎవరూ చూడలే.

మరుసటి దినం నేను మంచె దిగి నడిచినా. నేను పోయేసరికి చిలకలు కంకులు దూసేసి ఇంకో పక్కకు పోతాండాయి. మా నాయన దూరం నుంచి చూసి, "ఏమ్మే, కాళ్లు పడిపోయినాయా? పరిగెత్తు!" అని అరిచినాడు. జేజి గట్టు మీద కూర్చోని వక్కాకు నములుతాంది. "యాడ పరిగెత్తేది నాయనా? ఆడపిల్ల. పక్కచేన్లో మగోళ్లుండారు. నీ పరువేం గావాల?" అనింది.

మా నాయన పంచె ఎగ్గట్టి తానే పరిగెత్తినాడు. రేగడి నెర్రెలో కాలు ఇరుక్కోని బోర్లా పడినాడు. పక్కచేనోళ్లు, "ఏంది మామా, పందేనికి నువ్వు పోతాండావా?" అని ఒకటే నవ్వు. జేజి నవ్వలేదు. కొడుకు దగ్గరికి పోయి మెల్లిగా అడిగింది: "చేని కోసం పరిగెత్తితే కనపడని కాళ్లు, పందేనికి పరిగెత్తితే కనపడతాయా రా?"

నాయన పొమ్మనలేదు, వద్దనలేదు. పందేనికి జేజే నన్ను పిల్చుకపోయింది. రెండోదాన్నయి వచ్చినా. మొదటొచ్చిన పిల్లకు ఇత్తడి గ్లాసిచ్చినారు, నాకేమీ లేదు. జేజి మెచ్చుకోనూ లేదు. "చివర్లో ఎనక్కి తిరిగి చూస్తివి, అందుకే పోయె" అనింది.

మరుసటేడు వానల్లో జేజి పోయింది. అదే యేడు నన్ను బడి మాన్పిచ్చినారు. ఎందుకని అడిగేవాళ్లు ఇంట్లో లేకపోయిరి. నాకేమో నోరు రాలేదు.

అందుకే పోయిన వారం కొడుకు పనికి పోయినాక, మేమిప్పుడుండే ప్రొద్దుటూరులో బస్సెక్కినా. వేంపల్లెలో దిగి ఇంకో బస్సు పట్టినా. ఆటో దండగని యూనివర్సిటీ గేటు నుంచి ఆఫీసు దాకా నడిచినా. ఆడుండే సారు, "తల్లిదండ్రులు రావాల కదమ్మా" అన్నాడు. "ఆ పిల్ల నాయనకు తల్లిని నేనే కదప్పా, చాలదా?" అంటి. ఆయన నవ్వి, నా కొడుక్కు ఫోను కలిపినాడు. "నేను సంతకం పెడతాండా నాయనా. వద్దంటే ఎందుకు వద్దో ఈ సారు వింటాండాడు, ఆయనకే చెప్పు. అంతవరకూ నేనీడ్నే కూర్చుంటా" అంటి. కొడుకు "నీ ఇష్టం" అని పెట్టేసినాడు. అయిదో తరగతి అక్షరాలతో నా పేరు పూర్తిగా రాసినా.

అప్పట్నుంచి కొడుకు నాతో మాట్లాడటంలేదు. అన్నం పెడితే తింటాండాడు, లేసి పోతాండాడు. పోనీ. టీము పిల్లలు ఎల్లుండి బయలుదేరతాండారు. ఆడపిల్లను ఆపినప్పుడు ఎందుకని అడిగే ముసల్ది ఒకతి ఇంట్లో ఉండాలని నేను జేజిని చూసే నేర్చుకున్నా. మా ఇంట్లో ఆ ముసల్దాన్ని ఇప్పుడు నేనే.